రెండో కొటేషన్

మా నాన్నగారి కిరాణా కొట్లో నేను నేర్చుకున్న మొదటి విద్య, ఎదుటివాళ్ళ మాట నేనే పూర్తి చెయ్యడం. భీమవరంలో మా కొట్టు బజారు మలుపులో ఉండేది. సెలవురోజుల్లో నాన్నగారు భోజనానికి వెళ్తే కౌంటరు దగ్గర నేను కూర్చునేదాన్ని. ఎవరైనా వచ్చి "అమ్మాయ్, అరకిలో కంది..." అనగానే "పప్పే కదండీ, ఇదిగో" అని పొట్లం కట్టేసేదాన్ని. "బేరమంటే అదేనమ్మా. వాళ్ళ నోట్లోంచి మాట రాకముందే మన చేతిలో పొట్లం ఉండాలి" అని నాన్నగారు మురిసిపోయేవారు.

ఒకసారి ఒకాయన వచ్చి "ఉప్..." అన్నారు. నేను ఉప్పు కట్టి చేతిలో పెట్టాను. ఆయనకి కావలసింది ఉప్మా రవ్వ. ఆ సంగతి సాయంత్రం వాళ్ళావిడ వచ్చి చెప్పేదాకా మాకు తెలియదు. ఆయన మాత్రం కిక్కురుమనకుండా ఉప్పు పట్టుకుపోయారు. మా వైపు మొహమాటం అలాంటిది. కట్టిన పొట్లం వద్దనడం, ఎదుటివాళ్ళు అన్న మాట కాదనడం మర్యాద కాదని మాకు ఉగ్గుపాలతో నేర్పుతారు. "ఆత్రపు పెళ్ళికొడుకు అత్త మెడలో తాళి కట్టాడట. నువ్వూ ఆ బాపతే" అని అమ్మ ఆ రోజు నన్ను తిట్టింది. నేనేం పట్టించుకోలేదు. వాళ్ళావిడ రవ్వతోపాటు చింతపండు కూడా కొనుక్కెళ్ళింది కాబట్టి బేరం లాభసాటిగానే తేలిందని నా లెక్క.

ఆ నోటితోనే ఇంజనీరింగు చివరి సంవత్సరానికి వచ్చాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలు. మా ఊళ్ళో ఇంటికో ఇంజనీరు తయారవుతున్న రోజులు. చివరి సంవత్సరంలో ఇద్దరిద్దరం కలిసి ఒక ప్రాజెక్టు చెయ్యాలి. ఎవరికెవరు జతో కాలేజీవాళ్ళే రోల్ నంబర్ల ప్రకారం నిర్ణయించారు. నాకు జతపడిన అతనిది నిడమర్రు దగ్గర పల్లె, వ్యవసాయ కుటుంబం. పొడుగ్గా, తల కొంచెం వంచుకుని నడిచేవాడు. ప్రోగ్రాములు రాయడంలో క్లాసులో అతన్ని మించినవాడు లేడు. కానీ మాటలో నత్తి. మొదటి అక్షరం దగ్గర గొంతు పట్టేసేది. ఒక్కోసారి ఆ అక్షరం దాటడానికి అతనికి పట్టే సమయంలో నేను రెండు కబుర్లు చెప్పెయ్యగలను.

ఇక్కడే ఒకమాట చెప్పేస్తాను. మీరు అనుకుంటున్నది ఏమీ జరగలేదు. ఆ రోజుల్లో మా కాలేజీలో ఆడపిల్లలూ మగపిల్లలూ ఒకరినొకరు "మీరు", "అండి" అనే పిలుచుకునేవాళ్ళం. అతను నన్ను చివరిదాకా అలాగే పిలిచాడు, నేనూ అంతే. ఇది ఒక ఎడిటర్ కథ. ఎడిటర్ అంటే పత్రికాయన కాదు, కంప్యూటర్లో ప్రోగ్రాములు టైపు చేసుకునే తెర.

నత్తి ఉన్నవాణ్ణి అందరూ ఏడిపిస్తారనుకుంటాం. మా దగ్గర అలా కాదు. అందరూ సాయం చేసేవాళ్ళు. బాధంతా ఆ సాయంతోనే వచ్చింది. కాలేజీ గేటు ఎదురుగా టిఫిన్ హోటల్ ఉండేది. అతను పెసరట్టు తిందామని వెళ్ళి "పె... పె..." అనేవాడు. "పెరుగు గారె కదండీ, కూర్చోండి, తెస్తాను" అని ఆ హోటలాయన ప్రేమగా తెచ్చి పెట్టేవాడు. అతను తినేసేవాడు. రెండోరోజు ఆయన అడక్కుండానే పెరుగు గారె తెచ్చాడు. అలా దాదాపు ఏడాదిపాటు పెరుగు గారెలు తిన్నాడు. బస్సెక్కి "నిడ..." అంటే చాలు, కండక్టరు నిడదవోలుకి టికెట్టు కొట్టేసేవాడు. ఇతను నిడమర్రులో దిగిపోతుంటే "నిడదవోలు ఇంకా రాలేదండీ, కూర్చోండి, నేను చెప్తాగా" అని భుజం పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టాడట ఒకసారి. ఇవన్నీ అతనే తర్వాత నాతో చెప్పాడు. చెబుతూ నవ్వాడు కూడా.

నవ్వుతూ చెప్పని సంగతి ఒకటి ఉంది. మూడో సంవత్సరం వైవాలో పరీక్ష చెయ్యడానికి వచ్చినాయన, ప్రోగ్రాముల్లో డేటా దాచుకునే స్టాక్ అంటే ఏంటని అడిగారు. పళ్ళేలు దొంతిగా పేర్చినట్టు, చివర పెట్టినది ముందు బయటికి వస్తుంది, అంతే దాని సంగతి. మాలో మొద్దులకి కూడా తెలిసిన జవాబు. ఇతను "చివర..." అని ఆగాడు. "చివర పెట్టినది చివరికి వస్తుందంటావు, అంతేనా బాబూ?" అని ఆయన దయతో అందించారు. కాదు అనాలంటే ఆ "కా" దగ్గర మళ్ళీ గొంతు పడుతుంది. పైగా పెద్దాయన. ఇతను తలూపాడు. జవాబు తప్పని ఆయన మార్కులు కోసేశారు. అతని నోట్లో జవాబు పెట్టినవాళ్ళే అది తప్పన్నారు. ఆ వైవా పోయింది, మళ్ళీ ఇవ్వాల్సి వచ్చింది. వాళ్ళింట్లో మాత్రం సరిగ్గా చదవలేదనుకున్నారు.

ప్రాజెక్టుకి మా క్లాసులో సగంమంది లైబ్రరీ పుస్తకాల ప్రోగ్రాము, మిగతా సగం జీతాల ప్రోగ్రాము ఎంచుకున్నారు. నాకు రెండూ నచ్చలేదు. నా బాధ వేరే. ప్రోగ్రాము టైపు చేసేటప్పుడు నేను తెరవడంలో ముందుండేదాన్ని, మూయడంలో వెనకబడేదాన్ని. ఇంట్లో డబ్బా మూతల సంగతిలోనూ అమ్మది ఇదే ఫిర్యాదు. కంప్యూటరు అమ్మలాంటిది కాదు, ఊరికే గొణిగి వదిలిపెట్టదు. ఒక కొటేషన్ మార్కు తెరిచి మూయకపోతే ఆ తర్వాత వచ్చిన ప్రతి లైనూ తప్పేనంటూ తెరనిండా ఎర్రర్లు కుమ్మరిస్తుంది. ఎక్కడో ఒక ఫ్లవర్ బ్రాకెట్ మూయడం మరిచిపోయి, దాన్ని వెతుక్కుంటూ ల్యాబ్ పీరియడ్లు పీరియడ్లే తగలేసుకున్నాను.

"తెరిస్తే చాలు, మూసేది అదే వచ్చి కూర్చునే ఎడిటర్ ఉంటే ఎంత బాగుంటుందండీ! మనమే రాద్దాం" అన్నాను అతనితో. అతను "అ... అదేంటంటేనండి" అని మొదలుపెట్టాడు. "బాగుంది అంటారు, అంతేగా?" అన్నాను. తలూపాడు. ప్రాజెక్టు ఖాయమైపోయింది. అలాంటిది ప్రపంచంలో ఇంకెవరికీ తట్టలేదని నా నమ్మకం. బావిలో కప్పకి బావే సముద్రం కదా.

మొదట గుండ్రటి బ్రాకెట్ పని చేయించాను. తెరిచే బ్రాకెట్ కొట్టగానే పక్కన మూసే బ్రాకెట్ వచ్చి కూర్చుంది, కర్సర్ రెంటికీ మధ్యలో నిలబడింది. నాకు పట్టరాని సంతోషం. ఫ్లవర్ బ్రాకెట్టూ అలాగే వచ్చింది. ఇంక కొటేషన్‌దేముంది, అదే పద్ధతి అనుకున్నాను. అనుకుని, ల్యాబ్‌లో అందరినీ పిలిచి, వేలు పైకెత్తి, రికార్డింగు డాన్సులో లైటు వేసినంత హంగుగా ఒక్క కొటేషన్ కొట్టాను.

బ్రాకెట్లలో తెరిచేది వేరు, మూసేది వేరు. కొటేషన్‌కి రెండూ ఒకటే మీట. నేను కొట్టిన కొటేషన్‌కి జతగా ఎడిటర్ ఇంకోటి పెట్టింది. ఆ పెట్టినదాన్ని కూడా తెరిచినదే అనుకుని దానికి ఇంకో జత పెట్టింది. దానికి ఇంకోటి. రెప్పపాటులో తెరంతా కొటేషన్లు చీమలబారులా పాకేసి, కంప్యూటరు బిగుసుకుపోయింది. ల్యాబ్ చూసుకునే మాస్టారు పరిగెత్తుకొచ్చారు.

"ఏమ్మా, ఏం కొట్టావు?"

"ఒక్క కొటేషనేనండి."

"ఒకటి కొడితేనే ఇలా ఉందా?" అని ఆయన స్విచ్చి కట్టేశారు. వెనక అందరూ విరగబడి నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

రెండు రోజులు ఉడుక్కుని ఆ తప్పు సరిచేశాను. ఇప్పుడు కొటేషన్ కొడితే సరిగ్గా రెండే వస్తాయి. కానీ ఇంకో చిక్కు వచ్చింది. మా క్లాసువాళ్ళు ఎవరు కూర్చుని టైపు చేసినా, ఎడిటర్ ఒకటి మూశాక వాళ్ళూ అలవాటుకొద్దీ ఇంకోటి కొట్టేవాళ్ళు. మాట చివర రెండు కొటేషన్లు చేరి ఎర్రర్ వచ్చేది. "మీరెందుకండీ కొడతారు? అది కొడుతుంది కదా! చేతులు కట్టుకుని కూర్చోండి" అని కసిరేదాన్ని. వాళ్ళు "ఇదేం ఎడిటరండీ బాబూ, మా చేత్తో మమ్మల్ని మూసుకోనివ్వదు" అని లేచిపోయేవాళ్ళు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. తప్పు మనుషులదే కాని ఎడిటర్‌ది కాదని నా వాదన. అతను మాత్రం పక్కన కూర్చుని అప్పుడప్పుడూ "అ... అదేంటంటేనండి" అనేవాడు. "వాళ్ళకి అలవాటు కావాలంటారు, అంతేనా?" అనేదాన్ని. తలూపేవాడు. ఆ తలూపడానికి అర్థం "అవును" కాదని నాకు తెలిస్తే కదా.

ఇలా ఉండగా మా క్లాసమ్మాయి అక్కగారి పెళ్ళికి అందరం పాలకొల్లు దగ్గర ఒక ఊరు వెళ్ళాం. భోజనాల్లో అతను నాకు ఎదురు బంతిలో కూర్చున్నాడు. పెళ్ళికూతురి బాబాయిగారు స్వయంగా వడ్డిస్తున్నారు. పంచె బిగించి, ఒక చేత్తో బూరెల బుట్ట, వెనకాలే నేతి గిన్నెతో ఒక మనిషి. మా వైపు మారు వడ్డన సంగతి తెలిసిన వాళ్ళెవరూ మొదటిసారే "చాలు" అనరు. అన్నా వడ్డించేవాళ్ళు వినరు. మొహమాటానికి అంటున్నారని ఇంకో రెండు వేస్తారు. అందుకని తినేవాళ్ళు ముందునుంచే గట్టిగా గోల పెట్టాలి. గోల పెట్టడం అతనికి ఎలా వస్తుంది?

బాబాయిగారు ఆగారు. అతను "చ... చ..." అన్నాడు.

"చక్కగా తినండి బాబూ, ఆయ్! కుర్రాళ్ళు మీరు కాకపోతే ఎవరు తింటారు?" అని రెండు బూరెలు వేశారు. ఆకులో వదిలితే మర్యాద కాదు, అతను కష్టపడి తిన్నాడు. ఆకు ఖాళీ అయ్యేసరికి బాబాయిగారు మళ్ళీ ప్రత్యక్షం. మళ్ళీ "చ..." మళ్ళీ రెండు. నేను నవ్వు ఆపుకోలేక పులిహోర మింగలేక అవస్థ పడుతున్నాను. మూడోసారి అతను మాట జోలికే పోకుండా, ఆకుమీద అడ్డంగా చెయ్యి చాపాడు. బాబాయిగారు వెనకున్న మనిషితో మాట్లాడుతూ అటు చూడనేలేదు. బూరె వచ్చి చేతిమీద కూర్చుంది. దానిమీద నెయ్యి కూడా పడింది. అతను చేతిని అలాగే పెట్టుకుని, ఆ బూరెని చూస్తూ కాసేపు ఉండిపోయాడు.

భోజనాలయ్యాక పందిరి బయట తమలపాకు కిళ్ళీలు ఇచ్చారు. నేను ఒకటి చాలదని రెండు కలిపి నోట్లో కుక్కుకున్నాను. అతను చేతులు కడుక్కుని వచ్చి నా ముందు నిలబడ్డాడు. "అదేంటంటేనండి" అన్నాడు. ఆగాడు. నేను మాట అందిద్దామంటే నోటినిండా కిళ్ళీ. ఉమ్మడానికి చోటు లేదు, చుట్టూ పెళ్ళివారు. మింగితే చస్తాను. అందుచేత నా జీవితంలో మొదటిసారి అతను చెప్పింది మొదటినుంచి చివరిదాకా విన్నాను.

"మన ఎడిటర్... ఆ బాబాయిగారిలాంటిదేనండి" అన్నాడు. "వ... వడ్డించడం తప్పు కాదండి. ఆకలితో ఉన్నవాళ్ళకి మంచిదేనండి. కానీ, చెయ్యి అడ్డం పెట్టినప్పుడు... చూడాలి కదండీ."

మధ్యలో ఎన్నిసార్లు ఆగాడో. పెళ్ళిపందిట్లో మైకు మోగుతూనే ఉంది. నేను బుగ్గలు ఉబ్బించుకుని నిలబడి ఉన్నాను. అతను మెల్లగా మిగతాది చెప్పాడు. మూసే కొటేషన్ ఎడిటర్ ముందే పెట్టనీ. కానీ అది తను పెట్టినదని గుర్తుంచుకోవాలి. మనిషి మాట ముగించి, ఆ చోటికి వచ్చి, తనే కొటేషన్ కొడితే ఇంకోటి చేర్చకూడదు. తను ముందే పెట్టినదే మనిషి కొట్టినదిగా ఉండిపోవాలి. కర్సర్ దాన్ని దాటి ముందుకెళ్ళాలి. మరిచిపోయినవాడికి సాయం ఉంటుంది, గుర్తున్నవాడికి అడ్డు ఉండదు.

ఇన్నాళ్ళూ అతను "అదేంటంటేనండి" అని మొదలుపెట్టి చెప్పబోయింది ఇదే. నేను ప్రతిసారీ వేరేది కట్టి చేతిలో పెడుతున్నాను. సిగ్గేసింది. దానికంటే ఎక్కువగా కోపం వచ్చింది, ఇంత మంచి ఆలోచన నాకు రానందుకు. ఇప్పుడు ప్రతి ఎడిటర్లోనూ ఇది ఉండనే ఉంది, ఎవరూ దాన్ని గమనించనైనా గమనించరు. ఆ రోజు పందిట్లో మాత్రం నాకు అదొక అద్భుతంలా అనిపించింది.

ఆ భాగమంతా అతనే రాశాడు. నేను పక్కన కూర్చుని తప్పులు పట్టాను. తెరిచినదాన్ని చెరిపేస్తే దాని జత కూడా పోవాలి. ఇంగ్లీషు పదం మధ్యలో పైన వచ్చే ఒంటి కామాలాంటి గుర్తుకి, అంటే అపాస్ట్రఫీకి, జత పెట్టకూడదు. ఇలాంటివి రోజుకొకటి తేలేవి. ఆ పని నడిచిన రోజుల్లోనే అతని గురించి నాకు ఒక సంగతి తెలిసింది. అతను మహా హాస్యగాడు. హాస్యానికి ప్రాణమంతా చివరి మాటలో ఉంటుంది. మూడున్నరేళ్ళు క్లాసులో ఒక్కళ్ళం కూడా అతన్ని ఆ చివరి మాట చెప్పనివ్వలేదు. నోరు మూసుకుని ఆగితే, ఆ మాట వచ్చేది. అది వచ్చేదాకా నా కాళ్ళు బల్లకింద తాళం వేస్తూనే ఉండేవి. వచ్చాక పడీపడీ నవ్వేదాన్ని. ఆగడం నాకు వచ్చిందని అనను. అప్పుడప్పుడూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేదాన్ని, అంతే.

వైవా దగ్గరపడింది. మా హెచ్.ఓ.డి. గారు నన్ను గదికి పిలిచారు. చాలా మంచివారు. "అమ్మా, వైవా చెయ్యడానికి కాకినాడనుంచి ఎక్స్‌టర్నల్ గారు వస్తున్నారు. ఆయనకి టైము తక్కువ. మొత్తం నువ్వే చెప్పెయ్యి. ఆ అబ్బాయిని ఇబ్బంది పెట్టడం ఎందుకు? నేను ఆయనతో చెప్తాలే, పాస్ చేసేస్తారు" అన్నారు. అది అతనికి మేలు చెయ్యడమే కదా అనుకుని, సంతోషంగా వెళ్ళి అతనితో చెప్పాను. అతని మొహం మాడిపోయింది.

"నా భాగం... నేను చెప్పుకుంటానండి. మీరు ఒక్క మాట కూడా అందించకండి."

"అదేంటండీ! మొన్న ఒక వైవా పోయింది. ఇది కూడా పోతే డిగ్రీ ఆగిపోతుంది, తెలుసా?" గొంతు పెంచేశాను. నిజంగానే భయమేసింది. మాట పడిపోయి నిలబడితే ఆయన సున్నా వేసి లేచిపోతారు. ఈసారి కూడా పోతే వాళ్ళ నాన్నగారు చదువు మాన్పించి చేలోకి దింపుతానన్నారని అతను అంతకుముందే చెప్పాడు.

అతను చాలాసేపు తన్నుకున్నాడు. చివరికి వచ్చింది.

"పోతే... నా మాటతోనే పోనివ్వండి."

అలాగేనన్నాను. ఆ రాత్రి అమ్మతో చెబితే "నువ్వు మాట్లాడకుండా కూర్చోవడమే? ఆ అబ్బాయి వైవా సంగతేమో గానీ నీకది గండమే" అంది.

వైవా రోజున ఎక్స్‌టర్నల్ గారు నెరిసిన జుట్టుతో, మెత్తటి గొంతుతో, కొంచెం హడావిడిగా ఉన్నారు. కాకినాడ బస్సు అందుకోవాలట. హెచ్.ఓ.డి. గారు ఆయన పక్కకి వంగి "అబ్బాయికి కొంచెం మాట ఇబ్బందండి. అమ్మాయి చెప్తుంది" అన్నారు. ఆయన జాలిగా తలూపి "చెప్పమ్మా" అన్నారు నాతో. మాట నోటిదాకా వచ్చేసింది. నాలుక కొరుక్కుని, "ఆ భాగం ఆయన రాశారండి. ఆయనే చెప్తారు" అన్నాను. హెచ్.ఓ.డి. గారు నావైపు గుర్రుగా చూశారు.

ఎక్స్‌టర్నల్ గారు మా ఎడిటర్లో ఒక కొటేషన్ కొట్టి చూశారు. రెండోది వచ్చి కూర్చుంది. "బాగుంది. మరి నేను కూడా రెండోది కొడితే ఏమవుతుంది బాబూ?" అని అడిగారు.

అసలు ప్రశ్న అదే. మా ప్రాజెక్టంతా అదే. అతను లేచి నిలబడ్డాడు. "అ... అ..." దగ్గర ఆగిపోయాడు. అతనికి తోవ చూపే "అదేంటంటేనండి" కూడా ఆ పూట రాలేదు. ఫ్యాను తిరుగుతోంది. బయట ఇంకో బ్యాచ్‌వాళ్ళు తలుపు సందులోంచి చూస్తున్నారు. జవాబు నా నోట్లో సిద్ధంగా ఉంది, ప్రతి మాటా. కుర్చీ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఎక్స్‌టర్నల్ గారికి పాపం ఊరుకోబుద్ధి కాలేదు. దయగల మనిషి. ఆయనే అందుకున్నారు.

"అంటే, మనిషి రెండోది కొట్టకూడదంటావు. మిషనే చూసుకుంటుంది. అంతేనా బాబూ?"

అది తప్పు జవాబు. నేను రాసిన పాత ఎడిటర్ జవాబది. తలూపితే అయిపోతుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు, ఆయన ఏవో మార్కులు వేసి బస్సెక్కుతారు. అతని తల కొంచెం కదిలింది. ఊపేస్తున్నాడనుకున్నాను.

"కా..." అన్నాడు.

"ఆ, కాబట్టి? చెప్పు, చెప్పు" అన్నారు హెచ్.ఓ.డి. గారు.

అతను కళ్ళు మూసుకున్నాడు. మెడమీద నరాలు లేచాయి. నాకైతే వాళ్ళిద్దరి నోళ్ళూ మూసెయ్యాలనిపించింది.

"కాదండి" అన్నాడు.

పెద్దవాళ్ళతో అంత స్పష్టంగా కాదనడం మా కాలేజీలో నేనెప్పుడూ వినలేదు. ఎక్స్‌టర్నల్ గారు కళ్ళజోడు తీసి అతనివైపు చూశారు. కోపం రాలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరుకున్నారు. అప్పుడు అతను వంగి, కొటేషన్ల మధ్య ఒక మాట టైపు చేసి, చివర తన వేలితో రెండో కొటేషన్ కొట్టాడు. మూడోది రాలేదు. కర్సర్ దాటి అవతలికి వెళ్ళి నిలబడింది.

"మిషన్ పెట్టింది... ఆసరాకండి. మనిషి తనే ముగిస్తానంటే... అది తప్పుకుంటుందండి." ఆగాడు. మళ్ళీ అన్నాడు. "మ... ముగించడం మనిషిదేనండి."

ఎక్స్‌టర్నల్ గారు తనే ఇంకోసారి కొట్టి చూసుకున్నారు. ఇంకోసారి. "ఇది తను పెట్టినదేనని ఎడిటర్‌కి ఎలా గుర్తుంటుంది?" అని అడిగారు. అతను చెప్పడం మొదలుపెట్టాడు. చాలాసార్లు ఆగాడు. ఆగినప్పుడల్లా ఆయన కూడా ఆగారు. వాచీ చూసుకోలేదు. హెచ్.ఓ.డి. గారు ఒకటి రెండుసార్లు నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నారు. కాకినాడ బస్సు వెళ్ళిపోయే ఉంటుంది. అంతా అయ్యాక ఆయన "చాలా బాగా చెప్పావు బాబూ" అన్నారు. పాస్ చేస్తున్నానని ఎవరూ వైవాలో చెప్పరు. ఆయన చెప్పారు.

తర్వాత నావైపు తిరిగారు. "మరి నువ్వేం చేశావమ్మా ఇందులో?"

చెప్పడానికి నాకు బోలెడు ఉంది. బ్రాకెట్లు నావి, తెర నాది, చీమలబారు కథ కూడా నాదే. నోరు తెరిచాను. మాట రాలేదు. కళ్ళు నిండిపోయాయి. అతను ఇన్నాళ్ళూ ఎక్కడ నిలబడి ఉన్నాడో ఒక్కసారిగా నాకు తెలిసి, ఏడుపు పొంగుకొచ్చేసింది. ముందు ఒక అక్షరం కనిపిస్తోంది, అది దాటడం లేదు. అందరూ నన్నే చూస్తున్నారు.

"అమ్మాయి ఎడిటర్ తెర అంతా..." అని హెచ్.ఓ.డి. గారు అందుకోబోయారు.

"ఉండండి సార్" అన్నాడు అతను. ఒక్క తడబాటు లేకుండా. "ఆవిడ చెప్తారు."

నా మాటలన్నీ అతనికి తెలుసు. ఏ ఒక్కటీ అందించలేదు. నావైపు తిరిగి, ఎంతసేపైనా ఫరవాలేదన్నట్టు నిలబడ్డాడు. నా కోసం అలా ఆగిన మనిషి అంతకుముందు ఎవరూ లేరు. నేను ఊపిరి పీల్చుకుని, మెల్లగా, మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాను.